స్పోర్టీ కారుకు మాన్యువలా, ఆటోమేటిక్కా? శ్రీకాకుళం, విజయనగరం రోడ్ల మీద నిలిచే లెక్క

స్పోర్టీ కారు కొనదలచినవారు రంగు, వేరియంటు, సన్‌రూఫ్ వంటివి ఒక పూటలో తేల్చుకుంటారు గాని గేరుబాక్సు దగ్గర వారాల తరబడి ఆగిపోతారు. ఇంజను ఒకటే, బాడీ ఒకటే, టైర్లు ఒకటే; మాన్యువల్ అయితే ఒక ధర, ఆటోమేటిక్ అయితే దానిపై ఇంచుమించు మరో లక్ష రూపాయలు, కొన్నిటికి అంతకంటే ఎక్కువ. ఆ సొమ్ముకు ఏం వస్తుంది, బదులుగా ఏం పోతుంది అనే ప్రశ్నకు వీడియోల్లోనూ పత్రికల్లోనూ దొరికే సమాధానాలు చాలావరకు హైదరాబాదు, బెంగళూరు ట్రాఫిక్‌ను మనసులో పెట్టుకొని చెప్పినవే. సాయంత్రం ఆఫీసు వదిలాక గంటకు పైగా క్లచ్ మీద కాలు తీయడానికి వీలులేని ఊళ్లో ‘ఆటోమేటిక్కే తీసుకోండి’ అనడం సబబే. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉంటూ కారు నడిపేవారు ఆ మాటను ఉన్నదున్నట్టుగా తెచ్చుకుంటే మాత్రం నష్టపోయే అవకాశం ఉంది. ఇక్కడి రోడ్ల తీరు వేరు, కారు వాడే తీరు వేరు, చెడిపోతే బాగుచేయించుకునే వీలూ వేరు.

ఈ రెండు జిల్లాల వాహనదారుడికి ప్రధానంగా మూడు రకాల రోడ్లు ఎదురవుతాయి. మొదటిది ఇచ్ఛాపురం నుంచి పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం, భోగాపురం మీదుగా విశాఖ వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి. రెండోది ఊరి లోపలి రోడ్లు. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ కూడలి, ఏడు రోడ్ల కూడలి, విజయనగరంలో మూడు లాంతర్లు, గంటస్తంభం, కోట పరిసరాలు. మూడోది, స్పోర్టీ కారు కొనేవారి మనసును అసలు లాగేది, తూర్పు కనుమల ఘాట్ రోడ్డు. శృంగవరపుకోట, బొడ్డవర దాటాక అనంతగిరి మీదుగా అరకు ఎక్కే దారి ఒకటి. సాలూరు దాటాక సుంకి మీదుగా కోరాపుట్ వైపు ఎక్కే 26వ నంబరు జాతీయ రహదారి ఇంకొకటి. హైదరాబాదులో ఉండేవారు ఇలాంటి మలుపుల కోసం సెలవు పెట్టుకొని, ఒక రాత్రంతా ప్రయాణించి రావాలి. విజయనగరంవాసి ఆదివారం పొద్దున్నే టిఫిను చేసి బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రాగలడు. గేరుబాక్సు ఎంపికలో ఈ ఒక్క సంగతికి ఉన్న బరువును చాలామంది గుర్తించరు.

మార్కెట్టులో ఏమున్నదో ముందు చూడాలి. ఫోక్స్‌వాగన్ వర్టస్ జీటీ, స్కోడా స్లావియాలలోని 1.5 లీటర్ల టీఎస్‌ఐ ఇంజను 150 పీఎస్ శక్తిని, 250 ఎన్ఎం టార్కును (చక్రాలను తిప్పే బలాన్ని) ఇస్తుంది. దానికి 6 గేర్ల మాన్యువల్ గాని, 7 గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌లతో పనిచేసే ‘డ్యూయల్ క్లచ్’ ఆటోమేటిక్) గాని జోడిస్తూ వచ్చారు. వర్టస్ జీటీ 2022లో కేవలం డీఎస్‌జీతో వచ్చి, మరుసటి ఏడాది మాన్యువల్‌తోనూ దొరకడం మొదలైంది. హ్యుందాయ్ వెర్నా టర్బో, 2024 మార్చిలో వచ్చిన క్రెటా ఎన్ లైన్‌లలో 160 పీఎస్, 253 ఎన్ఎం ఇచ్చే 1.5 లీటర్ల టర్బో (పొగ ఒత్తిడితో తిరిగి లోపలికి అదనపు గాలి నెట్టే పంపు ఉన్న) ఇంజను ఉంది. వాటికీ 6 గేర్ల మాన్యువల్, 7 గేర్ల డ్యూయల్ క్లచ్ రెండూ ఉన్నాయి. ఐ20 ఎన్ లైన్ 2021లో క్లచ్ పెడల్ లేని ‘ఐఎంటీ’ అనే మధ్యేమార్గంతో వచ్చింది. 2023లో దాన్ని తీసివేసి మామూలు మాన్యువల్‌నే పెట్టారు. టాటా ఆల్ట్రోజ్ రేసర్ 2024లో మాన్యువల్‌తో మాత్రమే వచ్చింది. ఇక పై అంతస్తులో, 2025లో మన దేశానికి వచ్చిన గోల్ఫ్ జీటీఐకి, ఆక్టేవియా ఆర్ఎస్‌కు మాన్యువల్ అనే మాటే లేదు. అంటే పది, ఇరవై లక్షల మధ్య కొనేవారికే నిజమైన ఎంపిక మిగిలి ఉంది.

ఆటోమేటిక్ నెమ్మది, మాన్యువల్ వేగం అనే పాత నమ్మకానికి ఇప్పుడు ఆధారం లేదు. 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లతో అమెరికాలో వచ్చిన హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరుబాక్సు నుంచి కొన్ని దశాబ్దాల పాటు ఆ నమ్మకం నిజమే. నూనె ద్వారా శక్తిని అందించే ఆ గేరుబాక్సులు మూడు నాలుగు గేర్లతో బరువుగా, బద్ధకంగా ఉండేవి. 1989లో ఫెరారీ తన ఫార్ములా వన్ కారుకు స్టీరింగు వెనక మీటలతో మారే గేరుబాక్సు పెట్టి, బ్రెజిల్‌లో ఆ కారు పాల్గొన్న మొదటి పందెంలోనే నైజెల్ మాన్సెల్ చేతుల మీదుగా గెలిచినప్పుడు లెక్క మారడం మొదలైంది. 2003లో గోల్ఫ్ ఆర్32తో డ్యూయల్ క్లచ్ మామూలు కొనుగోలుదారుల కార్లలోకి వచ్చింది. 2021 నాటి పోర్షే 911 జీటీ3 విషయంలో కంపెనీ ఇచ్చిన అంకెలు చూస్తే, నిలిచిన చోటి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగానికి డ్యూయల్ క్లచ్ కారు 3.4 సెకన్లలో చేరుతుంది, మాన్యువల్ కారుకు 3.9 సెకన్లు పడుతుంది. మనుషుల చెయ్యి, కాలు ఎంత చురుకైనవైనా ఆ అర సెకను పూడ్చలేవు.

అయితే అదే జీటీ3 చరిత్రలో మరో సంగతి ఉంది. 2013లో పోర్షే ఆ కారును డ్యూయల్ క్లచ్‌తో మాత్రమే విడుదల చేసింది. 2016లో 991 కార్లకు పరిమితమైన 911 ఆర్‌ను మాన్యువల్‌తో మాత్రమే తెచ్చింది. 2017కల్లా జీటీ3కి మాన్యువల్‌ను మళ్లీ ఇచ్చింది. పందెం కోసమే పుట్టిన కారును కొనేవారే నెమ్మదైన గేరుబాక్సును కోరి తీసుకున్నారంటే, అర సెకనుకు మించినదేదో వారికి అందులో దొరుకుతున్నదనే అర్థం. మన దగ్గర ఆ అర సెకనుకు చోటు ఇంకా తక్కువ. 2018లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ పరిమితుల ప్రకారం డివైడరు ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు అనుమతి గంటకు 100 కిలోమీటర్లే. పైన చెప్పిన 1.5 లీటర్ల కార్లన్నీ ఆ వేగాన్ని పది సెకన్లలోపే అందుకుంటాయి. కాబట్టి ఏది వేగం అన్న ప్రశ్నను ఇక్కడితో వదిలేయడం మంచిది. ఏ వేగంలో, ఏ వాలు మీద, ఏ గేరుబాక్సు ఎలా ప్రవర్తిస్తుందన్నదే చూడవలసింది.

అందుకు లోపల జరిగే పని కొంత తెలియాలి. మాన్యువల్‌లో ఇంజనుకూ చక్రాలకూ మధ్య ఒక పొడి క్లచ్ ప్లేటు ఉంటుంది. దాన్ని కలిపేదీ విడదీసేదీ డ్రైవరు ఎడమ కాలు. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో ఆ చోట నూనె పని చేస్తుంది; ఇంజను తిప్పే ఒక చక్రం నూనెను విసిరితే ఆ ధాటికి ఎదుటి చక్రం తిరుగుతుంది, వేగం కుదిరాక రెండింటినీ ఒక లాకప్ క్లచ్ బిగించి పట్టుకుంటుంది. మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ, 1.0 లీటరు వర్టస్ వంటి వాటిలో ఉన్నది ఈ రకం. డ్యూయల్ క్లచ్ పేరుకు ఆటోమేటిక్ గాని, లోపలి నిర్మాణం రెండు మాన్యువల్ గేరుబాక్సులను ఒకే పెట్టెలో అమర్చినట్టు ఉంటుంది. ఒక క్లచ్ 1, 3, 5, 7 గేర్లను, రెండోది 2, 4, 6 గేర్లను చూసుకుంటుంది. కారు మూడో గేరులో సాగుతుండగానే నాలుగో గేరు రెండో వైపు సిద్ధంగా కూర్చుంటుంది. మార్పు అంటే ఒక క్లచ్ విడిచి ఇంకొకటి పట్టడమే. మధ్యలో చక్రాలకు అందే శక్తి తెగదు. టర్బో ఇంజనుకు ఇది చాలా లాభం, ఎందుకంటే మాన్యువల్‌లో గేరు మార్చడానికి యాక్సిలరేటర్ వదిలిన ప్రతిసారీ టర్బో ఒత్తిడి పడిపోయి మళ్లీ పుంజుకోవాలి. 2014లో సెలెరియోతో మన దేశంలో మొదలైన ఏఎంటీ సంగతి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కరలేదు. అది మాన్యువల్ క్లచ్‌ను యంత్రంతో తొక్కించడమే, గేరు మారేటప్పుడు తల ముందుకు ఊగుతుంది, స్పోర్టీ కారుకు నప్పదు.

డ్యూయల్ క్లచ్ బలహీనత కూడా దాని బలంలోనే ఉంది. తర్వాత రావలసిన గేరును అది ముందే ఊహించి పెట్టుకుంటుంది. ఊహ సరిపోతే మార్పు కళ్లు మూసి తెరిచే లోపు అయిపోతుంది, తప్పితే ఆలస్యం. అనంతగిరి ఘాట్‌లో ఎడమకు తిరిగే ఒక హెయిర్‌పిన్ మలుపును (వచ్చిన వైపుకే మడత పడే మలుపును) తీసుకుంటే ఈ విషయం స్పష్టంగా కనిపిస్తుంది. లోపలి వైపు రోడ్డు నిటారుగా లేచి ఉంటుంది, ఎదురుగా ఆర్టీసీ బస్సు మలుపంతా ఆక్రమించి దిగుతుంటుంది. కారు గంటకు 15 కిలోమీటర్లకు తగ్గుతుంది. చిన్న టర్బో కార్లలో రెండో గేరు వెయ్యి ఆర్‌పీఎంకు (ఇంజను నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే) ఇంచుమించు 13 నుంచి 15 కిలోమీటర్ల వేగాన్ని ఇస్తుంది, అంటే ఇంజను వెయ్యికి కాస్త పైన తిరుగుతోందన్న మాట. వర్టస్ జీటీలో పూర్తి టార్క్ 1,600 ఆర్‌పీఎం నుంచి, హ్యుందాయ్ టర్బోలలో 1,500 నుంచి, ఆల్ట్రోజ్ రేసర్‌లో 1,750 నుంచి మొదలవుతుంది. వెయ్యి దగ్గర టర్బో నిద్రలో ఉన్నట్టే. బస్సు దాటిపోయింది, ఇప్పుడు ఎక్కాలి. కావలసినది మొదటి గేరు.

మాన్యువల్ డ్రైవరుకు ఈ సంగతి పది గజాల ముందే తెలుసు, ఎందుకంటే బస్సు అతని కంటికి కనిపిస్తోంది. కారు పూర్తిగా ఆగేలోపే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి యాక్సిలరేటర్‌ను ఒకసారి తట్టి, మళ్లీ క్లచ్ తొక్కి మొదటి గేరులోకి దించుకొని సిద్ధంగా ఉంటాడు. కదులుతున్న కారులో మొదటి గేరు సులువుగా పడదు. గేర్ల వేగాలను కలిపే లోపలి సింక్రో ఒప్పుకోదు, బలవంతం చేస్తే కర్రుమంటుంది. ఇంజను వేగాన్ని పెంచి గేరు వేగంతో కలిపితేనే మెత్తగా జారుతుంది. ఈ పని సరిగ్గా కుదిరినప్పుడు కలిగే తృప్తి కోసమే చాలామంది మాన్యువల్ కోరుకుంటారు, అందులో తప్పు లేదు. కుదరనివారు మాత్రం రెండో గేరులోనే హాఫ్ క్లచ్ మీద కారును లాగించి, ఘాట్ సగం ఎక్కేసరికి క్లచ్ ప్లేటు వాసన ముక్కుకు తగిలేలా చేస్తారు.

అదే మలుపులో డ్యూయల్ క్లచ్ ఏం చేస్తుంది? రెండో గేరులో ఉన్న కారు అప్పటిదాకా వేగం పెరుగుతుందనుకొని బేసి గేర్ల వైపు మూడును సిద్ధం చేసి ఉంటే, ఇప్పుడు మూడును విడిపించి ఒకటిని వేయాలి. ఒకటీ మూడూ ఒకే క్లచ్ కిందివి కాబట్టి ఈ పని క్లచ్ మార్పుతో అయిపోదు. వేగం తగ్గుతోందని, వాలు ఎక్కువగా ఉందని కంప్యూటరు సాధారణంగా గ్రహించి ముందే ఒకటిని ఎంచుకుంటుంది. కానీ డ్రైవరు బ్రేకు వదిలి ఉన్నట్టుండి యాక్సిలరేటర్ అదిమితే ఒక్క క్షణం కారు ఏమీ చేయకుండా నిలిచి, ఆ తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. తడిరోడ్డు మీద ఆ దూకుడు ముందు చక్రాలను గిర్రున తిప్పుతుంది. పరిష్కారం ఉంది: ఘాట్ మొదలవగానే ‘డీ’ (గేర్లను కారే మార్చుకునే డ్రైవ్ స్థానం) నుంచి మాన్యువల్ మోడ్‌కు మారి, మలుపుకు ముందే ఎడమ మీటను లాగి గేరు తగ్గించుకోవడం. అలా నడిపేవారి చేతిలో డీఎస్‌జీ గాని, హ్యుందాయ్ డీసీటీ (డ్యూయల్ క్లచ్) గాని ఘాట్ మీద ఎంతో చక్కగా నడుస్తుంది. మీటల జోలికే వెళ్లకుండా ‘డీ’లోనే వదిలేసేవారికి ఆ లక్ష రూపాయల విలువలో సగమే చేతికి వస్తుంది.

సాలూరు వైపు ఘాట్‌కు ఇంకో చిక్కు ఉంది. రాయపూర్, జగదల్‌పూర్ వైపు వెళ్లే బరువైన లారీలు ఆ వాలు మీద మనిషి నడక వేగంతో ఎక్కుతాయి. వాటి వెనక చిక్కిన కారు గంటకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో పాకాలి. మొదటి గేరులో క్లచ్ పూర్తిగా పట్టుకోవడానికి ఆ వేగం సరిపోదు, అందువల్ల క్లచ్ జారుతూనే ఉంటుంది. వర్టస్ జీటీ, స్లావియాలలోని 7 గేర్ల డీఎస్‌జీ పొడి క్లచ్ రకం; దాన్ని చల్లార్చడానికి చుట్టూ ఉన్న గాలి తప్ప వేరే ఆధారం లేదు. అదేపనిగా జారితే వేడెక్కి డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలుగుతుంది. మాన్యువల్ క్లచ్‌కూ ఇదే బాధ ఉన్నా, కాలికి బరువు, ముక్కుకు వాసన తెలుస్తాయి కాబట్టి డ్రైవరు ముందే మేలుకుంటాడు. టార్క్ కన్వర్టర్‌లో పుట్టే వేడి నూనెలోకి వెళ్తుంది, నూనెకు కూలర్ ఉంటుంది. లారీ వెనక పాకడంలో దానికి సాటి లేదు. పొడి క్లచ్ కారు ఉన్నవారు లారీకి ముప్పై, నలభై గజాల ఎడం వదిలి ఆగి, బ్రేకు పూర్తిగా తొక్కి ఉంచి, ఎడం పెరిగాక ఒక్కసారిగా కదిలి మళ్లీ ఆగడం మంచి పద్ధతి. వాలు మీద కారు వెనక్కి జారకుండా యాక్సిలరేటర్‌తో పట్టి నిలబెట్టడం మూడు రకాల్లో దేనికీ మేలు చేయదు, పొడి డ్యూయల్ క్లచ్‌కు మరీ చేటు.

దిగేటప్పుడు లెక్క మళ్లీ మారుతుంది. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలికొండ ప్రాంతం అంతకన్నా ఎత్తు. అక్కడి నుంచి బొడ్డవర మైదానానికి దిగేసరికి బ్రేకులే నమ్ముకున్న కారు చక్రాల దగ్గర కాలిన వాసన రావడం ఈ ప్రాంతపు డ్రైవర్లందరికీ తెలిసిన విషయమే. ఇంధనం ఆదా అవుతుందని న్యూట్రల్‌లో వదిలేసే అలవాటు ఇంకా కొందరిలో ఉంది. అది ప్రమాదకరమే కాదు, ఆదా కూడా కాదు: గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే నేటి ఇంజన్లు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి, న్యూట్రల్‌లో మాత్రం ఇంజను తిరగడానికి కొంత ఖర్చు కావలసిందే. రెండో, మూడో గేరు వేసి ఇంజను పట్టుతో దిగడంలో మాన్యువల్‌కు, డ్యూయల్ క్లచ్‌కు తేడా పెద్దగా లేదు. రెండింటిలోనూ ఇంజను చక్రాలకు నేరుగా బిగిసి ఉంటుంది. డ్యూయల్ క్లచ్‌కు ఒక మెట్టు ఎక్కువే ఇవ్వవచ్చు. గేరు తగ్గించిన ప్రతిసారీ అది ఇంజను వేగాన్ని తానే సరిపెడుతుంది. మాన్యువల్‌లో ఆ సరిపెట్టడం రాని డ్రైవరు మూడు నుంచి రెండుకు దించి క్లచ్‌ను ఒక్కసారిగా వదిలితే, ఇంజను పట్టు ముందు చక్రాల మీద అకస్మాత్తుగా పడుతుంది. వానాకాలంలో కాఫీ తోటల నీడన ఎండ తగలక నాచు పట్టిన మలుపుల్లో అదే కారు జారడానికి కారణం అవుతుంది. మాన్యువల్ కొని ఘాట్ ఎక్కదలచినవారు ఈ ఒక్క విద్యను, అంటే బ్రేకు మీద కాలు ఉండగానే అదే కాలి అంచుతో యాక్సిలరేటర్ తట్టడాన్ని, మైదానంలో ఖాళీ రోడ్డు మీద శ్రద్ధగా నేర్చుకోవాలి.

జాతీయ రహదారి మీద ఏ గేరుబాక్సు అయినా ఒకటే. 16వ నంబరు రోడ్డు మీద 90, 100 వేగంలో చివరి గేరులో ఇంజను రెండు వేల ఆర్‌పీఎంకు అటూ ఇటూగా తిరుగుతుంది, టర్బో మేలుకునే ఉంటుంది, ఎడమ కాలికి పనే ఉండదు. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా ఉన్న నూరు పైచిలుకు కిలోమీటర్లలో గేరు మార్చేది టోల్‌గేటు దగ్గర, కూడళ్ల దగ్గర మాత్రమే. తేడా తెలిసేది చిలకపాలెం నుంచి రాజాం, బొబ్బిలి మీదుగా రామభద్రపురం వెళ్లే రోడ్డు వంటి రెండు వరుసల దారుల్లో. ముందు చెరకు ట్రాక్టరో, లారీయో గంటకు 50 వేగంతో పోతుంది. మాన్యువల్ నడిపేవారు మూడో గేరుకు దించుకొని, ఇంజనును రెండు వేలకు పైన ఉంచుకొని, ఎదుటి దారి ఖాళీ కాగానే బయటకు వస్తారు. ‘డీ’లో ఉన్న డ్యూయల్ క్లచ్ అదే వేగంలో ఇంధనం ఆదా కోసం ఐదో గేరులో ఉంటుంది. అదిమితే మూడుకు రావాలి, ఐదూ మూడూ మళ్లీ ఒకే వైపువి. ఆ తడబాటు ఒక క్షణమే గాని, ఎదురుగా బస్సు వస్తున్నప్పుడు అది పొడవైన క్షణం. ఓవర్‌టేక్‌కు ముందే ‘ఎస్’ (స్పోర్ట్) మోడ్ వేసుకునే అలవాటు ఉంటే ఈ ఇబ్బంది మాయమవుతుంది. చూస్తే, ఏ గేరుబాక్సులోనైనా మంచి డ్రైవరు చేసేది ఒకటే పని: రాబోయే అవసరానికి ముందుగా గేరు తగ్గించుకోవడం. మాన్యువల్‌లో ఆ పని చేయక తప్పదు. ఆటోమేటిక్‌లో చేయకపోయినా కారు నడుస్తుంది కాబట్టి చాలామంది నేర్చుకోరు.

ఇక ఊరి ట్రాఫిక్. పెద్ద నగరాల నుంచి అరువు తెచ్చుకున్న వాదం వీగిపోయేది ఇక్కడే. శ్రీకాకుళంలో పాలకొండ రోడ్డు, విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్సు పరిసరాలు సాయంత్రం కిక్కిరిసిపోయే మాట నిజమే, కానీ ఆ రద్దీ పది పదిహేను నిమిషాల్లో దాటిపోయేది. రథసప్తమికి అరసవల్లి దారి, సిరిమానోత్సవం నాడు పైడితల్లమ్మ గుడి చుట్టూ ఉండే జనసందోహం వేరే సంగతి. ఆ రోజుల్లో ఏ గేరుబాక్సు ఉన్నా కారును ఇంటి దగ్గర వదిలి వెళ్లడమే నయం. రోజూ ఇంటి నుంచి కళాశాలకో, కోర్టుకో, దుకాణానికో మూడు నాలుగు కిలోమీటర్లు వెళ్లివచ్చేవారికి ఎడమ కాలి శ్రమ అనేది కారు ధరలో లక్ష కలిపేంత బరువైన కారణం కాదు.

విజయనగరంలో ఉంటూ రోజూ విశాఖకు ఉద్యోగానికి వెళ్లేవారి సంగతి మాత్రం దీనికి పూర్తిగా భిన్నం. తగరపువలస, ఆనందపురం దాటాక మధురవాడ నుంచి మద్దిలపాలెం దాకా సిగ్నలు తర్వాత సిగ్నలు. ఉదయం, సాయంత్రం అదే దారి. అక్కడ మాన్యువల్ ఇచ్చే సంతోషం కొద్ది వారాల్లోనే విసుగుగా మారవచ్చు. పైగా నేటి మాన్యువల్ కార్లలో, ఉద్గారాల నిబంధనల కోసం, క్లచ్ తొక్కినా ఇంజను వేగం వెంటనే పడకుండా కొంతసేపు నిలిచే గుణం ఉంది. తరచుగా గేరు మార్చే ట్రాఫిక్‌లో అది చిన్న చిన్న కుదుపులుగా తెలుస్తుంది. ఇలాంటివారికి ఆటోమేటిక్ తప్పనిసరి, అందులోనూ సిగ్నళ్ల మధ్య పాకడానికి టార్క్ కన్వర్టర్ మెరుగు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు అదే కారు నడిపే కుటుంబానికీ ఇదే మాట వర్తిస్తుంది. క్లచ్ అంటే భయపడి భార్యో, తండ్రో స్టీరింగు ముట్టని కారు, ఎంత స్పోర్టీదైనా, ఆ ఇంటికి సగమే ఉపయోగపడుతుంది.

మరమ్మతు విషయంలో ఊరి వాస్తవాన్ని తక్కువ చేసి చూడకూడదు. మాన్యువల్ కారు క్లచ్ సెట్టు అరిగితే దాన్ని దించి మార్చగల మెకానిక్ ఈ జిల్లాల్లో ఏ పట్టణంలోనైనా దొరుకుతాడు. కొన్ని టర్బో కార్లలో ఇంజను అదురును తగ్గించడానికి ఉండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ పోతే ఖర్చు గట్టిగానే ఉంటుంది గాని, పని అర్థం కానిది కాదు. డ్యూయల్ క్లచ్‌లో గేర్లను నడిపించే మెకట్రానిక్స్ యూనిట్ అలా కాదు. దానికి కంపెనీ స్కాన్ పరికరం కావాలి, క్లచ్ మార్చాక పట్టు పాయింటును మళ్లీ నేర్పించాలి, రోడ్డు పక్క షెడ్డులో చేతిపనితో అయ్యేది కాదు. డీఎస్‌జీ సమస్యల మీద 2013లో ఫోక్స్‌వాగన్ చైనాలో దాదాపు 3,84,000 కార్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. ఆ తర్వాత ఆ గేరుబాక్సును చాలా సరిదిద్దారు, ఇప్పటి కార్లను ఆ పాత పేరుతో కొట్టిపారేయడం న్యాయం కాదు. అయినా పొడిగించిన వారంటీ లేకుండా డ్యూయల్ క్లచ్ కారు కొనడం, ముఖ్యంగా సెకండ్‌హ్యాండ్‌లో, విజ్ఞత అనిపించుకోదు. దారిలో ఆగిపోయినప్పటి మాట కూడా చూడాలి. బ్యాటరీ బలహీనపడిన మాన్యువల్ కారును నలుగురు తోస్తే చాలాసార్లు ఇంజను అందుకుంటుంది. ఆటోమేటిక్‌ను తోసి స్టార్టు చేయలేము, ముందు చక్రాలు నేల మీద ఉండగా తాడు కట్టి లాగించడం గేరుబాక్సుకే ముప్పు. టెక్కలి, పలాసల మధ్య రాత్రిపూట ఆగిపోయినవారికి ఈ తేడా చిన్నది కాదు.

ఈ కారణాలన్నీ కలిపి తూచితే, ఈ రెండు పట్టణాల్లోనే ఉద్యోగమో వ్యాపారమో ఉండి, సెలవు రోజుల్లో ఘాట్ ఎక్కాలన్న ఇష్టంతో, తానొక్కరే నడిపేందుకు స్పోర్టీ కారు కొనేవారికి 1.5 లీటర్ల టర్బోతో వచ్చే మాన్యువలే సరైన ఎంపిక. మిగిలిన లక్షలో కొంత మంచి టైర్లకు, బ్రేకు ప్యాడ్లకు పెట్టినా ఘాట్ మీద దాని ఫలితం గేరుబాక్సు తేడా కన్నా ఎక్కువగా తెలుస్తుంది. చిన్న 1.0 లీటరు ఇంజన్ల విషయంలో ఈ తీర్పు అంత గట్టిగా చెప్పలేము. తక్కువ ఆర్‌పీఎంలో వాటికి ఊపిరి తక్కువ, నలుగురు కూర్చొని ఎక్కేటప్పుడు హెయిర్‌పిన్‌లో మాటిమాటికీ మొదటి గేరుకు దిగాలి. అక్కడ టార్క్ కన్వర్టర్ చేసే సాయం చెప్పుకోదగినది, ఎందుకంటే కదిలే మొదటి క్షణాల్లో అది ఇంజను టార్కును కొంత పెంచి చక్రాలకు అందిస్తుంది.

ఏది ఎంచుకున్నా టెస్ట్ డ్రైవ్ సరిగ్గా చేయాలి. షోరూము ముందు హైవే మీద ఐదు కిలోమీటర్లు తిప్పి తెస్తే ఏ గేరుబాక్సు అయినా బాగున్నట్టే ఉంటుంది. అడిగి ఎత్తు రోడ్డు మీదికి తీసుకెళ్లాలి. వీలైతే శృంగవరపుకోట అవతల మొదటి రెండు మలుపుల దాకా, లేదంటే రైల్వే పైవంతెన వాలు మీదికైనా. వాలు మధ్యలో ఆపి, కారు వెనక్కి జారకుండా బ్రేకును కాసేపు తానే పట్టే హిల్ హోల్డ్ ఎన్ని క్షణాలు పట్టి ఉంచుతుందో, బ్రేకు వదిలాక కారు వెనక్కి జరుగుతుందో లేదో గమనించాలి. రెండో గేరులో 15 వేగానికి తగ్గించి ఒక్కసారిగా అదిమి చూడాలి. మాన్యువల్ అయితే క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో, సీటు సరిచేసుకున్నాక మడమ నేల మీద ఉండగానే అది అందుతుందో లేదో చూసుకోవాలి. అరగంట నడిపి ఇంజను, గేరుబాక్సు పూర్తిగా వేడెక్కాక ఇంటికి తీసుకెళ్లి, గేటు దగ్గరి ర్యాంపు మీదికి రివర్సులో మెల్లగా ఎక్కించి చూడడం అన్నిటికన్నా అవసరం. పొడి క్లచ్‌కు అత్యంత కష్టమైన పని అదే, రోజూ చేయవలసిన పనీ అదే. ఆ ర్యాంపు మీద వణుకో, కాలిన వాసనో వస్తే బుకింగ్ సొమ్ము కట్టకముందే షోరూమువారిని కారణం అడిగి, రాతపూర్వకంగా సమాధానం తీసుకోవాలి.